బొటనవేలి కింద కొండలు

ముక్కు మీద దురద పుట్టింది. సరిగ్గా ఇప్పుడే పుట్టాలా దానికి, పొద్దుటి నుంచీ రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి కదా, అప్పుడంతా నంగనాచిలా ఊరుకుని, కుడిచేతి బొటనవేలు ఆ పసుపుపచ్చ యంత్రానికి అతుక్కుపోయిన ఈ గడియలోనే గుర్తొచ్చిందా అని టైలరు తన ముక్కును తానే తిట్టుకున్నాడు. ఎడమచేత్తో గోక్కోవచ్చు కదా అంటే, ఆ చెయ్యి యంత్రాన్ని కింద నుంచి ఆనించి పట్టుకుని ఉంది. అది తీస్తే ఇది కదులుతుంది, ఇది కదిలితే తీగ మొన దగ్గరి పచ్చదీపం ఆరిపోతుంది, పచ్చదీపం ఆరిందంటే ఒక ఎండాకాలపు అడవి మొత్తం గాల్లో కలిసిపోతుంది. అందుకని మెడ సాచి ముక్కును భుజం దాకా తెచ్చాడు, అందలేదు, ఇంకొంచెం సాచాడు, నరం పట్టేస్తుందేమో అనిపించింది, అందింది. అబ్బ! లోకంలో ఇంతకు మించిన సుఖం ఉందా అనుకున్నాడు. కత్తిరింపుల బల్ల మీద పాత కంప్యూటర్, దాని నుంచి తీగ, తీగ చివర యంత్రం, యంత్రం చివర తను. వెనక గదిలో భార్య నిద్రపోతోంది. తలుపు ఓరగా వేసి ఉంది. చీమ చిటుక్కుమంటే లేచే మనిషి ఇవాళ వీధిలో లారీ హారన్ కొట్టినా కదల్లేదు, అంతగా అలిసిపోయింది పాపం.

ఆ యంత్రాన్ని ఇంట్లో మొద్దు అంటారు. ఇటుకంత ఉంటుంది, తడిసినా పాడవదు, రాతి మీద పడినా పగలదు, నాలుగు వరుసల మీటలు, పైన అగ్గిపెట్టెంత తెర. భార్య చెట్లు కొలిచే మనిషి. ఏటా ఎండలు ముదిరేసరికి కొండలెక్కుతుంది, నంబరు బిళ్ళ తగిలించిన ప్రతి చెట్టు దగ్గరికీ వెళుతుంది, గుండె ఎత్తులో దాని చుట్టుకొలత తీస్తుంది, ఎటు వాలిందో, ఎక్కడ తొర్ర పడిందో చూస్తుంది, అన్నీ మొద్దులో నొక్కుతుంది, వానలు పట్టుకునే లోపల దిగివస్తుంది. ఇవాళ పొద్దున అలాగే దిగివచ్చింది, మోకాళ్ళ దాకా మట్టి, జుట్టులో ఎండుటాకు, బూట్లు విప్పకుండానే సంచిలోంచి మొద్దును తీసి బల్ల మీద పెట్టి, "కొంప మునిగేలా ఉందండోయ్" అంది. బస్సులో దాని బ్యాటరీ చచ్చిపోయిందట. లోపల చొక్కా గుండీ అంత బ్యాటరీ ఇంకొకటి ఉంటుంది, ఇప్పుడు దాని ఊపిరి మీద నడుస్తోంది, ఆ ఊపిరి కూడా ఇవాళో రేపో అన్నట్టుంది. ఆఫీసుకేమో ఇవాళ సెలవు. కంప్యూటర్ తీగ తగిలిస్తే కరెంటూ అందుతుంది, లోపలున్నదంతా ఇటు వచ్చేస్తుంది కూడా, కానీ ఆ తగిలించే చోటు అరిగి అరిగి వదులైపోయింది. ఒకసారి తగిలించింది, ఊడింది. రెండోసారి ఊడినప్పుడు మొద్దు తెర మీద చిన్న బ్యాటరీ బొమ్మ ఎర్రగా మెరిసింది. "ఇంకోసారి ఊడితే ఇక అంతే," అంది, గొంతు చాలా చిన్నగా.

దారంతో కట్టి చూశాడు టైలరు. గుడ్డపీలిక మడిచి సందులో దోపాడు. కత్తెర బరువు పెట్టాడు, సుద్దముక్క ఆనించాడు. దేనికీ ఒప్పుకోలేదది, మనిషి బొటనవేలే కావాలట, అదీ కొంచెం పైకి, కొంచెం ఎడమకి, మరీ గట్టిగా కాకుండా, మరీ మెత్తగా కాకుండా. గారాబం చేసి చెడగొట్టిన పిల్లలా ఉంది దీని వరస. ఆమే పట్టుకుని కూర్చుంది కాసేపు, తెర మీద నీలం గీత ఒక్క వెంట్రుకవాసి జరిగేసరికి ఆమె తల ముందుకు వాలిపోయింది, ఉలిక్కిపడి లేచింది, మళ్ళీ వాలింది. "ఇలా ఇవ్వు, వెళ్ళి పడుకో" అన్నాడు. "రెండంటే రెండే నిమిషాలు, లేపండేం" అంది. ఆమె వేలు తీస్తుండగా తన వేలు దూర్చాడు, ఒకదాని మీద ఒకటి, దీపం ఆరకుండా. ఆ రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. లేపుతాడా! అతని తాతలు దిగొచ్చినా లేపడు.

పోతే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. కొలతలు పోతే మళ్ళీ కొలవాలి, కొలవాలంటే మళ్ళీ ఎక్కాలి, వానలకు ముందే ఎక్కాలి, అంటే ఇంటికొచ్చిన మనిషి ఒళ్ళు నొప్పులన్నా తీరకుండా మళ్ళీ సంచి సర్దుకోవాలి. ఆమెకు కష్టం, ఆ మాట నిజమే. కానీ మనసులో మాట మనసుకు చెప్పుకోవడానికి సిగ్గెందుకు, అతని అసలు భయం తన గురించే. ఆమె లేని ఎండాకాలం గడపడమంటే అతనికి చచ్చే చావు. పగలు పరవాలేదు, మిషను చప్పుడుంటుంది, వచ్చేవాళ్ళుంటారు. సాయంత్రం కొట్టు తలుపు వేసి లోపలికి తిరగ్గానే ఇల్లు మరీ పెద్దదైపోయినట్టుంటుంది. నిలబడే తింటాడు. రేడియో పెడతాడు, వినడు. అత్తగారు ఉంటుంది, ఆవిడా అంతే, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పేకాడతారు, ఆవిడ దొంగాట ఆడుతుంది, అతను చూసీ చూడనట్టు ఊరుకుంటాడు, ఇద్దరికీ ఒకే మనిషి మీద బెంగ, ఇద్దరూ పైకి అనరు. "ఈపాటికి గూనికొండ దిగి ఉంటుందిలే" అంటుంది ఆవిడ ఒక ముక్క దాచుకుంటూ. "ఆ, దిగే ఉంటుంది" అంటాడు అతను. ఆ ఒక్క మాట కోసమే పేకాట.

మొద్దుకు జ్ఞాపకాలు రెండట. పొద్దున టీ తాగుతూ చెప్పింది. ఒకటి కార్డు, గోరంత ఉంటుంది, అందులో పడిందంటే రాతి మీద గీత, కరెంటు ఉన్నా లేకపోయినా చెరగదు. రెండోది లోపలిది, మన బుర్ర లాంటిది, ప్రాణం ఉన్నంతసేపే గుర్తు. చెట్టు దగ్గర నొక్కిందల్లా ముందు లోపలికి పోతుంది, రోజూ పొద్దుగూకాక దాన్ని కార్డులోకి దింపుకోవాలి. "మరి దింపుకోలేదా?" అని అడిగాడు. దింపుకుంది, దింపుకున్నాననుకుంది. ఏం జరిగిందంటే, కొండెక్కే ముందు కార్డులోని పోయినేటి కొలతలు తుడిచేసి ఖాళీ చెయ్యాలి, అది పద్ధతి. ఆమె తుడవలేదు. చెట్లు కొలిచేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది, వాళ్ళు మాత్రం అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పు. చెట్టు ముందు నిలబడి దాని నంబరు నొక్కితే పోయినేటి చుట్టుకొలత వస్తుంది, టేపు చుట్టి చూస్తే బియ్యపుగింజంత పెరిగి ఉంటుంది. ఆ గింజంత సంతోషం కోసం తుడవరు. "ఏమే, లావయ్యావే, ఏం తింటున్నావే" అని చెట్టును పలకరించి మరీ కొలుస్తుందట, చెప్పి తనే నవ్వింది. నిండిన కార్డులో కొత్తవి పట్టవు కదా. రోజూ రాత్రి మొద్దు ‘చోటు లేదు’ అంటూనే ఉంది, గుడారంలో కళ్ళు మూతలు పడుతున్న మనిషి చదవకుండానే అలవాటు చొప్పున మీట నొక్కుతూనే ఉంది, అది కూత పెడుతూనే ఉంది. ఆ కూతకు అర్థం దాచుకున్నానని కాదు, విన్నానని మాత్రమేనట. ఇవాళ బస్సులో బ్యాటరీ చచ్చేముందు గానీ ఆ మాట చదవలేదు.

తిట్టొచ్చు. ఆమె తిట్టించుకోవడానికి సిద్ధంగానే చూసింది పొద్దున. కానీ ఏ మొహం పెట్టుకుని తిడతాడు, తన బుర్ర మటుకు తుడిచాడా? పాత పోస్టుమాస్టరు ఎడమ భుజం కుడిదాని కన్నా వేలెడు కిందికుండేది, జీవితమంతా సంచి మోసిన భుజం, పైకి తెలియకుండా లోపల దూది పెట్టి కుట్టేవాడు. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో. ఆ భుజం ఇంకా ఉంది ఇక్కడ. సంగీతం పంతులమ్మ మెడ ఉంది, ఎంత సన్నటి మెడో, ఊరొదిలి వెళ్ళిపోయింది, మెడ మాత్రం ఇక్కడ వదిలేసింది. రైలు గార్డు పొట్ట ఏడాదికేడాది ఎలా ముందుకొచ్చిందో మొత్తం చరిత్ర ఉంది. నాన్న ఛాతీ ఉంది. తను మొదటిసారి సొంతంగా కత్తిరించి కుట్టిన చొక్కా నాన్నకే, చంకల్లో పట్టేసింది, చేతులు ఎత్తితే చిరుగుతుందేమో అన్నట్టుంది, ఆయనేమో అద్దం ముందు నిలబడి "హాయిగా ఉందిరా, గాలి ఆడుతోంది" అని అబద్ధమాడి, అది పీలికలయ్యేదాకా అదే తొడుక్కున్నాడు, చేతులు పైకెత్తకుండా. అద్దం దగ్గర నవ్వు బిగబట్టిన ఆ మొహం. దాన్ని తుడిచి ఆ చోట్లో కొత్తవాళ్ళ నడుం కొలత పెట్టుకోమంటే పెట్టుకుంటాడా? ఆ లెక్కన తన కార్డు ఎప్పుడో నిండిపోయి ఉండాలి, ‘చోటు లేదు’ అని లోపల ఎవరో రోజూ అరుస్తూనే ఉండి ఉంటారు, తనూ చదవకుండా నొక్కుతున్నాడేమో. నిన్న కాక మొన్న ఎవరి ప్యాంటుకో జేబు మర్చిపోయాడు, అందుకేనేమో.

జేబు అంటే గుర్తొచ్చింది, ఆమె వచ్చిందే జేబు కోసం. పెళ్ళి మాట అప్పటికే ఇద్దరి విషయంలోనూ చుట్టాలు మాట్లాడటం మానేసిన వయసు. కొట్టు గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండానే, "ప్యాంటుకి ఇటుక పట్టే జేబు కుడతారా?" అంది. "ఇటుకలు మోస్తారా అమ్మా?" అన్నాడు మర్యాదగా. ఆమె సంచిలోంచి మొద్దును తీసి ఠపీమని బల్ల మీద పెట్టింది, ఇదే మొద్దు, అప్పుడింకా రంగు పోలేదు. ఎక్కేటప్పుడు తొడకు కొట్టుకోకూడదు, వంగితే జారకూడదు, ఒంటిచేత్తో తియ్యగలగాలి, ఆ చేతికి అంతకుముందే చలికి తిమ్మిరెక్కి ఉంటుంది. అబ్బో, ఎన్ని షరతులో. మూడుసార్లు విప్పి కుట్టాడు ఆ జేబును, అతని వృత్తిలో అంత తల ప్రాణం తోకకు తెచ్చిన జేబు ఇంకొకటి లేదు. కుట్టిచ్చాక ఇక రాదనుకున్నాడు. వానలు మొదలైన రోజు వచ్చింది, గొడుగు లేకుండా, తడిసి, "ఒక్కసారి కూడా జారలేదండీ" అని చెప్పడానికే వచ్చింది. ఆ మాట వినగానే తనకేమయిందో ఇప్పటికీ తెలియదు, కుర్చీ లాగి కూర్చోమన్నాడు, కూర్చుంది, వాన తగ్గింది, అయినా కూర్చునే ఉంది. అంతే, అదే పెళ్ళిచూపులు.

నీలం గీత సగం దాటింది. కంప్యూటర్ తెర మీద ఒక్కో కొండా ఒక్కో మూటగా దిగుతోంది, ఒక మూట పూర్తయితే పక్కన చిన్న గుర్తు పడుతుంది, ఇక దానికి ఢోకా లేదు, మొద్దు ఏమైపోయినా అది ఇక్కడుంటుంది. గూనికొండ వచ్చేసింది. జంటకొండలు రెండూ వచ్చేశాయి. బోడికొండ నడుస్తోంది. చెట్లు ఒక్కో వరుసగా కిందికి జారిపోతున్నాయి, నంబరు, చుట్టుకొలత, ఎత్తు, వాలు. నంబరు, చుట్టుకొలత, ఎత్తు, వాలు. ముందు అంకెల్లాగే కనబడ్డాయి. కాసేపటికి, అలవాటైన కళ్ళు కదా, మనుషుల్లాగా కనబడటం మొదలుపెట్టాయి. ఇదిగో ఈయన సన్నగా పొడుగ్గా, కొంచెం ఎడమకు ఒరిగి, పక్కవాడి మాట వింటున్నట్టు. ఈవిడ బాగా లావు, తొర్ర ఒకటి, అయినా నిటారుగా ఉంది, ఎవరికీ జంకదు. ఈయనకు కోటు కుట్టాలంటే ఒక తాను గుడ్డ సరిపోదు, అస్తరుకు ఇంకో తాను. ఇన్ని వందల మంది ముందు నిలబడిందా తను ఒక్కతీ, ఒక్కొక్కరినీ పలకరించి, చేతులు చుట్టేసి? అతనికి చెట్ల మీద అసూయ కలిగింది, ఛీ ఛీ, చెట్ల మీదా అనుకున్నాడు, అయినా కలిగింది.

వేలు తిమ్మిరెక్కింది. తిమ్మిరి మణికట్టు దాటి మోచేతికి పాకుతోంది. సూది పట్టిన బొటనవేలు కదా, ఓర్చుకుంటుంది. వెనక గదిలోంచి గురక మొదలైంది. కొండల నుంచి వచ్చిన రోజున మాత్రమే ఆమెకు గురక, సన్నగా, మధ్యలో ఏదో మర్చిపోయినట్టు ఆగి, గుర్తొచ్చినట్టు మళ్ళీ అందుకుంటుంది. ఇంకెవరిదైనా అయితే విసుక్కునేవాడు. ఇది వింటుంటే అతని కడుపు నిండిపోయింది. కిటికీలోంచి ఎండ బల్ల కాలు దాకా వచ్చింది, గుడ్డల కొత్త వాసన, ఇస్త్రీపెట్టె వేడి వాసన, ఆమె సంచిలోంచి వస్తున్న తడి ఆకుల వాసన, అన్నీ కలిసిపోయి ఉన్నాయి, ఇంట్లో ఉండాల్సినవాళ్ళంతా ఇంట్లో ఉన్నారు. సంతోషంగా ఉంది. ఉన్నమాట ఉన్నట్టు చెప్పుకుంటే, వేలు విరిగిపోయేలా ఉంది, నడుం పట్టేసింది, అయినా ఇలాగే సాయంత్రం దాకా కూర్చోమన్నా కూర్చుంటాడు.

"కోటు అయిందా?" అని గుమ్మంలోంచి కేక. బ్యాండులో బాకా ఊదే ఆయన. ఊపిరి బలం అంతా గొంతులోనే ఉంటుంది ఆయనకు.

"ష్! అయింది, ఆ వంకీకుంది, మీరే తీసుకోండి. నేను లేవలేను," అన్నాడు టైలరు, పెదాలు మాత్రమే కదిలిస్తూ.

"నడుం పట్టిందా?"

"నడుం కాదు, వేలు."

బాకా ఆయన దగ్గరికి వచ్చి చూశాడు. తీగ, యంత్రం, దానికి అతుక్కుపోయిన వేలు, నొప్పికి వంకర తిరిగిన మొహం. ఆయన మొహం పాలిపోయింది. "అయ్యయ్యో, కరెంటు పట్టేసింది," అని వెనక్కి గెంతి, చుట్టూ చూసి, బల్ల మీది కర్ర గజంబద్ద అందుకుని రెండు చేతులా పైకెత్తాడు. కరెంటు పట్టినవాణ్ణి కర్రతో కొట్టి విడదీయాలని ఎక్కడో విన్నాడు కాబోలు. టైలరు పై ప్రాణాలు పైనే పోయాయి. "వద్దు బాబోయ్, కొట్టకండి, కరెంటు కాదు, మీకు పుణ్యముంటుంది!" అని గుసగుసగా అరిచాడు, అలా కూడా అరవొచ్చని అతనికి అంతవరకు తెలియదు. విషయం చెప్పాక ఆయన గజంబద్ద దించి, చెమట తుడుచుకుని, తలుపు సందులోంచి వస్తున్న గురక విని, కోటు వేసుకుని, బూట్లు విప్పి చేత పట్టుకున్నాడు. భుజం మీద తెల్లటి కచ్చా కుట్లు ఇంకా విప్పలేదు. "అలాగే వెళ్ళిపోతాలెండి, దూరం నుంచి చూస్తే డిజైన్ అనుకుంటారు," అని మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మంచివాడు. ఇన్నాళ్ళూ ఆయన్ని నోరున్న మనిషి అని మాత్రమే అనుకున్నాడు.

బోడికొండ పక్కన గుర్తు పడింది. ఇక మిగిలింది తడికొండ ఒక్కటే. పేరే తడికొండ, ఎండాకాలంలో కూడా అక్కడ మంచు విడవదట, చెట్ల మొదళ్ళకు నాచు, టేపు చుట్టాలంటే ముందు నాచును చేత్తో నిమరాలి, నిమిరితే అరచెయ్యి చల్లగా అయిపోతుంది, మధ్యాహ్నం కూడా పిట్టలు తెల్లవారిందనుకుని కూస్తాయి. అన్ని కొండల గురించీ కాళ్ళ నొప్పులే చెప్పే మనిషి దాని గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గిస్తుంది. ఎలా ఉంటుందో. చెప్పగా విన్న చోటు కూడా జ్ఞాపకమేనా, ఎవరి జ్ఞాపకం, ఆమెదా తనదా? కళ్ళు మూసుకుంటే తనకు ఆ నాచు తెలుస్తుంది వేలికి. లేదు లేదు, కళ్ళు మూసుకోకూడదు. కళ్ళల్లో వత్తులు వేసుకుని చూడాలి, పచ్చదీపం, పచ్చదీపం. తడికొండ చెట్లు వస్తున్నాయి, నంబరు, చుట్టుకొలత, ఎత్తు, వాలు.

అత్తగారు ఎప్పుడు వచ్చిందో వంటింటి గుమ్మంలో నిలబడి అతన్నే చూస్తోంది. ఆవిడకు చెవులు కొంచెం మందం, అందుకని తను నెమ్మదిగా మాట్లాడుతున్నాననుకుని గట్టిగానే మాట్లాడుతుంది. "ఎంతసేపని అలా బొమ్మలా కూర్చుంటావు నాయనా, టీ పెడతానుండు."

వద్దని తల అడ్డంగా ఊపాడు. కాసేపు ఆగమని కళ్ళతో చెప్పాడు.

"నీ వేలికి వద్దేమో, నీకు కావాలిగా," అని లోపలికి వెళ్ళింది. అతను కూర్చున్న చోటికి వంటింట్లో సగం కనబడుతుంది. గిన్నె పెట్టడం కనబడింది, నీళ్ళు పొయ్యడం కనబడింది. తర్వాత ఆవిడ తల పైకెత్తి పై అర వైపు చూడటం కనబడింది. పంచదార డబ్బా పైన ఉంది, చీమలు పడుతున్నాయని తనే పెట్టాడు మొన్న, రోజూ తనే తీసిస్తాడు. ఆవిడ ముక్కాలిపీట లాక్కుంది. దాని ఒక కాలు పొట్టి, తనకు తెలుసు, దానికి కింద అట్టముక్క పెట్టాలి, ఆవిడకు తెలియదు. "అత్తయ్యగారూ," అన్నాడు మెల్లగా. వినబడలేదు. "అత్తయ్యగారూ!" గట్టిగా అరిస్తే భార్య లేస్తుంది, లేస్తే లేవనీ, "అత్తయ్యగారూ ఎక్కకండి" అని అరిచాడు. అరిచేసరికి ఆవిడ పీట మీద నిలబడే ఇటు తిరిగింది, "ఏమిటి నాయనా?" అంటూ, డబ్బా చేతిలో ఉంది, పీట ఒక పక్కకు ఒరిగింది, నీలం గీత చివరికి వచ్చేసింది, ఒక్క వేలెడు, తడికొండ చెట్లు గబగబా దిగుతున్నాయి, ఇంకొక్క నిమిషం, ఒక్క నిమిషం ఆ పీట ఆగితే చాలు అనుకోలేదు అతను, అలా అనుకోవడానికి వ్యవధి ఎక్కడుంది, అనుకునేసరికే వంటింట్లో ఉన్నాడు, కుర్చీ వెనక్కి పడిన చప్పుడు తర్వాత వినిపించింది, ఆవిడ అతని మీద పడింది, ఇద్దరూ నేల మీద పడ్డారు, డబ్బా ఆవిడ నెత్తిన తగలకుండా అతని నుదుటికి తగిలి, మూత ఊడి, పంచదారంతా ఇద్దరి మీదా వానలా కురిసింది.

గుమ్మంలో భార్య. జుట్టు చెదిరి, చెంప మీద దిండు ముడతలు, కళ్ళు పెద్దవి చేసుకుని. "అమ్మా! దెబ్బ తగిలిందా?"

"నాకేం తగల్లేదే, ఈయన మీద పడ్డాను. మెత్తగానే ఉన్నాడు."

"వేలు తీసేశాను," అన్నాడు టైలరు కిందనుంచే. అంతసేపు పట్టుకుని ఆఖరి వేలెడు దగ్గర వదిలేశానని ఎలా చెప్పాలి.

ఆమె తల్లిని లేపి, చేతులూ కాళ్ళూ తడిమి చూసి, స్టవ్ కట్టేసి, అప్పుడు వెళ్ళింది బల్ల దగ్గరికి. తీగ నొక్కి పట్టుకుంది. పచ్చదీపం వెలిగింది. మొద్దు తెర మీద ‘ఈరోజు తేదీ ఎంత?’ అని వచ్చింది, ఇప్పుడే పుట్టినట్టు, ఆమెను ఎన్నడూ చూడనట్టు. ఆమె కంప్యూటర్ వైపు తిరిగి ఒక్కో పేరూ వేలితో తాకుతూ చదివింది, గూనికొండ, జంటకొండలు, బోడికొండ. ఆగింది.

"తడికొండ రాలేదు."

"ఒక్క నిమిషం ఆగి ఉంటే వచ్చేసేది," అన్నాడు.

"ఆ ఒక్క నిమిషం మీరు ఆగి ఉంటే మా అమ్మ నడుం విరిగేది. అప్పుడు మీతో మాట్లాడేదాన్ని కాదు," అంది. వచ్చి వంటింటి గుమ్మం దగ్గర నేల మీదే, పంచదారలోనే కూర్చుంది. "మిగతావన్నీ వచ్చాయి కదా, నేనైతే అవీ రావనుకున్నాను. అదొక్కటి మళ్ళీ ఎక్కితే సరిపోతుంది. ఎల్లుండి బయల్దేరితే వానల్లోపు అయిపోతుంది. నాతో టేపు పట్టిన ఆయన ఇంటికెళ్ళిపోయాడు, ఇంకొక మనిషిని చూసుకోవాలి."

ఎల్లుండి. అనుకున్నంతా అయింది. ఎల్లుండి సంచి సర్దుకుంటుంది, మళ్ళీ రేడియో, మళ్ళీ నిలబడి తినడం. మొత్తం ఎండాకాలం పోయేది, కొన్నాళ్ళతో తప్పింది, దానికి సంతోషించాలి. సంతోషించడానికి ప్రయత్నిస్తుండగా అతని నోరు అతన్ని అడక్కుండా తెరుచుకుంది. "నేను పడతాను టేపు."

"మీరా?"

"నాకు కొత్తా?"

"కొట్టో?"

"మూస్తే మూస్తాను. అందరికీ చొక్కాలున్నాయి."

"నేల మీద పడుకోవాలి. జలగలు పడతాయి. మీకు మెట్లెక్కితేనే ఆయాసం."

"మెల్లగా ఎక్కుతాను. చెట్లు ఎక్కడికీ పోవుగా."

ఆమె నవ్వబోయి నవ్వలేదు. అతని కనుబొమ్మ మీది పంచదార పలుకుల్ని వేలితో తుడుస్తూ, "మరి ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదు?" అంది.

"నువ్వు పిలవలేదు."

"కొట్టు వదిలి వస్తారని నేనెప్పుడూ అనుకోలేదు. ప్రతి ఏడూ బస్సెక్కే ముందు అడుగుదామనుకుంటాను. కాదంటే ఆ మాట మోసుకుంటూ కొండలెక్కాలి కదా అని, అడక్కుండానే ఎక్కేస్తాను."

"ప్రతి ఏడూ పిలుస్తావేమోనని బస్సు కదిలేదాకా నిలబడతాను," అన్నాడు. "పిలవలేదని వెనక్కి వచ్చేస్తాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎన్ని ఎండాకాలాలు, ఎన్ని బస్సులు. ఏ యంత్రమూ పారేయనివి, తామిద్దరే చేజేతులా పారేసుకున్నవి. వాటిని ఇక ఏ తీగా తెచ్చివ్వదు. వాటి కోసం ఏడవాలా, ముందున్న వాటి కోసం నవ్వాలా తెలియక అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు, ఆ చెయ్యి బెరడులా గరుగ్గా ఉంది.

"ఏం గుసగుసలాడుతున్నారు, నాకు వినబడటం లేదు," అంది అత్తగారు, స్టవ్ మళ్ళీ వెలిగిస్తూ.

"ఈయన నాతో కొండకు వస్తానంటున్నారమ్మా!" అని ఆమె గట్టిగా చెప్పింది.

"వెళ్ళండి, వెళ్ళండి. నన్ను చూడ్డానికి నీ చెల్లెలు రెండు వీధుల అవతలే ఉంది. వస్తాననడం కాదే, నువ్వు రమ్మని అడిగావా?"

ఆమె అతని వైపు తిరిగింది. కొత్తగా చూస్తున్నట్టు చూసింది, కాస్త సిగ్గుపడింది కూడా. "తడికొండకి వస్తారా?" అని అడిగింది.

"వస్తాను," అన్నాడు టైలరు. తిమ్మిరి ఇంకా వదలని బొటనవేలితో ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాడు.